అతిథి విల్లు, అత్త బాణం

గాలికి వీపు ఇవ్వకూడదని ముందే ఎవరైనా చెప్పి ఉండాల్సింది, అయినా చెప్తే మాత్రం తను నమ్మేవాడా, సముద్రం ఒడ్డున పుట్టినవాడికి గాలి వెనకనుంచి తోస్తేనే ప్రయాణం, ఎదురుగాలి కోసం వెతుక్కునేవాణ్ణి వేలాపురిలో ఎవరూ పడవ ఎక్కనివ్వరు, ఈ సంగతి వింటే అన్నయ్య కడుపు పట్టుకుని నవ్వేవాడు, అన్నయ్య...

ఎప్పటిలాగే ఆ మాట దగ్గర తరంగవర్మ ఆలోచన ఆగిపోయింది. అప్పుడు గాని తానెక్కడ ఉన్నదీ అతనికి గుర్తు రాలేదు. కొండవాలు మీద బోర్లా పడుకుని ఉన్నాడు. గడ్డం కింద తడి నాచు. ముక్కుకు జానెడు దూరంలో ఊదారంగు గడ్డిపువ్వు ఒకటి తల ఊపుతోంది. ఆ పువ్వుకు అవతల, ఇంతకుముందు దుప్పుల మంద మేసిన పచ్చిక బయలు బోసిగా ఉంది.

జరిగింది చాలా చిన్న విషయం. పొద్దుటినుంచి పాక్కుంటూ మందకు దగ్గరగా వచ్చాక ఒక పెద్ద బండ అడ్డం వచ్చింది. ముందు వెళ్తున్న కొమ్మసాని ఎడమ పక్కకు తిరిగింది. వెనక ఉన్న అతని ఒళ్ళు, బుద్ధిని అడగకుండానే, కుడి పక్కకు తిరిగింది. అటునుంచి గాలి వీపును తోస్తోంది. పడవ నడిపినవాడి ఒంటికి అది హాయి. ఆ గాలే అతని వాసన మోసుకెళ్ళి మందకు అందించింది. ఒక ముసలి ఆడదుప్పి తల ఎత్తింది. మరుక్షణం కొండ మొత్తం కదిలినట్టయింది. ఎర్రటి వీపులు అలల్లా లేస్తూ పడుతూ, గిట్టల కింద గులకరాళ్ళు జల్లుమంటూ, మంద అంతా శిఖరం అంచు దాటి ఆకాశంలోకి దూకినట్టు మాయమైంది. వేట చెడిందన్న బాధ కన్నా ముందు, ఇంత అందమైనది ఇన్నాళ్ళ బతుకులో చూడలేదే అన్న ఆశ్చర్యం అతనికి కలిగింది.

బండకు అవతలనుంచి కొమ్మసాని తిరిగి పాక్కుంటూ వచ్చింది. కోప్పడుతుందనుకున్నాడు. ఆవిడ భుజాలు కదులుతున్నాయి. చప్పుడు బయటికి రాకుండా నవ్వుతోంది.

కొమ్మసాని నీహారదేశపు రాజుకు మేనత్త. జుట్టు నెరిసింది, నడుము వంగలేదు. ఆ దేశంలో వేట నౌకర్లకు వదిలే పని కాదు, రాజవంశపు విద్య. ఆ వంశంలో ఆవిడను మించి జాడ చదివేవాళ్ళు లేరు. రాజుతో సహా అందరూ ఆవిడను అత్త అనే పిలుస్తారు. తరంగవర్మ కూడా అలాగే పిలవాలని మొదటిరోజే ఆజ్ఞ అయింది. పిలిచినందుకు ఆవిడ అతన్ని అల్లుడూ అనడం మొదలుపెట్టింది. తనకు కూతుళ్ళు లేరు గనక భయపడనక్కర్లేదని ఆరోజే చెప్పింది.

"నీ వాసన కాదు అల్లుడూ, నీ విల్లుది," అంది ఇప్పుడు. "ఓడ ఒకటి కొండెక్కుతోందనుకున్నాయి పాపం. ఏం పూస్తారర్రా దానికి?"

పొన్ననూనె అని చెప్పాడు. వేలాపురిలో పడవలకూ విల్లులకూ అదే పూస్తారు. ఆవిడ ఏదో కొండ ఆకు తుంచి, పసరు పిండి, వింటి కొమ్ములు రెండూ రుద్దించింది. మధ్యలో పట్టు ఉండే చోటును మాత్రం అతను పిడికిలితో మూసి దాచుకున్నాడు. ఎందుకు దాచుకున్నాడో పైకి చెప్పలేదు. ఆ విల్లు అన్న ఉదధివర్మది. ఆ పట్టులో ఉన్న నూనె అన్న అరచేతితో మర్దించింది. ఆ వాసన కూడా పోతే అన్నయ్యదంటూ తన దగ్గర ఏమీ మిగలదు.

ఆవిడ పసరు చేతులు గడ్డికి తుడుచుకుంటూ పైవాలు వైపు చూసింది. మంద ఉన్న చోటుకు రాయి విసిరేంత దూరంలో, సరిగ్గా గాలి వచ్చే దిక్కున, తమ వెంట వచ్చిన సన్యాసి బండ మీద కూర్చుని జపమాల తిప్పుతున్నాడు. వెనకే ఉండమన్నా వినకుండా ఎప్పుడో అక్కడికి చేరాడు. అసలు ఆయన వల్ల చెడాల్సిన వేట అల్లుడి వల్ల చెడిందని, ఇదేం విచిత్రమో తెలియట్లేదని గొణిగింది. తరంగవర్మ ఆ మాట విన్నాడు గాని పట్టించుకోలేదు. సన్యాసి మీద అతనికి గురి ఎక్కువ.

ఆ గురికి కారణం ఉంది. పోయిన ఏడు ఇదే ఋతువులో ఉదధివర్మ వేట మోజుతో నీహారదేశానికి అతిథిగా వచ్చాడు. పొగమంచులో తోవ తప్పాడన్నారు. మళ్ళీ కనిపించలేదు, విల్లొక్కటే దొరికింది. వేలాపురిలో తండ్రి మంచం పట్టాడు. పెద్దకొడుకు ఏమయ్యాడో తెలిసేదాకా కళ్ళు మూయనని, అలాగని కోలుకోనూ లేనని ప్రాణం పట్టుకుని ఉన్నాడు. తమ వంశం తమ చేతులతోనే అంతమవుతుందని ఊర్ణనాభుడనే మాంత్రికుడు ఒకప్పుడు శపించి వెళ్ళాడు. వేలాపురి దీపస్తంభంలోని మణిని అడిగితే రాజు దేశం నుంచి తరిమేశాడని వాడికి పగ. ఆ శాపమే ఫలిస్తోందా అని ముసలి రాజు భయం. తరంగవర్మ అప్పటికి ఉయ్యాలలో ఉన్నాడు గనక వాడి ముఖం ఎరగడు.

అన్నను వెతుక్కుంటూ వచ్చిన తరంగవర్మకు నీహారదేశపు పొలిమేరలో ఈ సన్యాసి ఎదురయ్యాడు. అడక్కుండానే సంగతంతా చెప్పాడు. నుదుటి మీద తెల్లమచ్చ ఉన్న దుప్పి ఒకటి పైకొండల్లో తిరుగుతోందని, దాని గుండె నెత్తురు కళ్ళకు రాసుకుంటే అన్న ఎక్కడున్నా కళ్ళ ముందు కనిపిస్తాడని అన్నాడు. మంచు పడి కనుమలు మూసుకుపోయేలోగా అది జరగాలని కూడా హెచ్చరించాడు. ఆ మంచు ఇవాళో రేపో పడేట్టుంది.

అయితే నీహారదేశంలో తలచుకున్నంతమాత్రాన వేట దొరకదు. ఎంత పెద్ద చక్రవర్తి వచ్చినా పరివారాన్ని పొలిమేర ద్వారం దగ్గరే వదలాలి, సన్యాసులకు మాత్రం అడ్డు లేదు. విల్లు తెచ్చుకోవచ్చు, అమ్ములపొది ఖాళీగా ఉండాలి. అతిథి విల్లు మోస్తాడు, ఆతిథ్యం ఇచ్చినవాళ్ళు బాణం మోస్తారు. ఒకటే బాణం. కొట్టదగిన దుప్పి, కొట్టదగిన చోట, కొట్టదగిన క్షణంలో నిలబడినప్పుడు ఆ బాణాన్ని అతిథి అరచేతిలో పెడతారు. ఆ క్షణం రాకపోతే అతిథి భోజనం చేసి, వీడ్కోలు తీసుకుని, వచ్చిన దారినే వెళ్ళాలి. ఏనుగుల మీద వచ్చిన రాజులు ఎందరో అలా ఒట్టి చేతులతో వెళ్ళి, జీవితంలో అంత గొప్ప వేట చూడలేదని తమ దేశాల్లో చెప్పుకున్నారట. ఆ మాట మొదట విన్నప్పుడు తరంగవర్మ నవ్వుకున్నాడు. ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఆ ఊళ్ళో ప్రతి గుమ్మానికీ రాలిన కొమ్ములు తోరణాల్లా కట్టి ఉంటాయి. చంపిన జంతువు కొమ్ములు మాత్రం ఒక్కటీ కనిపించదు. వాటిని తిరిగి కొండకే ఇచ్చేస్తారు. అలాంటి మనుషుల దగ్గర బాణం అడుక్కోవడంలో చిన్నతనం లేదని అతనికి అనిపించింది.

మంద పైకొండకు వెళ్ళింది గనక దాని వెంట వెళ్ళాలంటే లోయ దాటాలి. లోయ మీద తీగల వంతెన. కింద ఎక్కడో, చూపు ఆననంత లోతులో, నది తెల్లటి నూలుపోగులా మెరుస్తోంది. సన్యాసి అందరికన్నా ముందు దాటి అవతలి గట్టున నిలబడ్డాడు. ఆయన నడుస్తుంటే వంతెన ఊగనేలేదు. తర్వాత కొమ్మసాని, ఆవిడ వెనక తరంగవర్మ.

నడుమకు వచ్చేసరికి చేతికింద ఉన్న తీగ మెత్తబడినట్టయింది. ఎవరో సాలెగూటిలోంచి పోగు లాగినట్టు అల్లిక దానంతటదే విడిపోసాగింది. కొమ్మసాని కాళ్ళ కింద వెదురు పలకలు జారి లోయలోకి రాలాయి. ఆవిడ ఒంటిచేత్తో పైతీగ పట్టుకుని వేలాడింది. రెండో చేతిలో బాణం ఉన్న తోలుసంచి. గాలికి ఆవిడ ఒళ్ళు గంటలోని నాలుకలా ఊగుతోంది.

అవతలి గట్టునుంచి సన్యాసి చేయి చాచాడు. "బాణం ఇటు విసురు తల్లీ, రెండు చేతులూ ఖాళీ అవుతాయి," అన్నాడు. మంచి మాటే. తరంగవర్మ కూడా విసరమనే అన్నాడు.

"చెయ్యి పోతే పోనీ," అంది కొమ్మసాని పళ్ళ బిగువున. "అతిథి బాణం మూడో మనిషిని తాకకూడదు."

ఇక మాటలకు వ్యవధి లేదు. తరంగవర్మ నడుముకున్న పట్టు దట్టీ విప్పాడు. తెగని తీగ ఏదో చేతితో తడిమి చూసి, దానికి దట్టీ కొస ముడివేసి, రెండో కొస చంకల కిందుగా బిగించుకుని కిందికి దూకాడు. తుఫానులో తెరచాప స్తంభం మీదనుంచి దూకడం కన్నా ఇది కష్టమేమీ కాదని ఒళ్ళు చెప్పింది. ఊగి వెళ్ళి ఆవిడ నడుము పట్టుకున్నాడు. అదే ఊపుకు తీగ వెనక గట్టు దగ్గర తెగి, ఇద్దరూ వేలాడుతూ వెళ్ళి అవతలి గట్టు రాతికి కొట్టుకున్నారు. మోకాళ్ళు చీరుకుపోయాయి. రాతి పగుళ్ళు పట్టుకుని పైకి ఎగబాకి వెనక్కి చూసేసరికి, వంతెన ముక్కలు ముక్కలుగా లోయలోకి రాలిపోతోంది. తిరిగి వెళ్ళే దారి ఇక లేదు.

కొమ్మసాని ఊపిరి కుదుటపడ్డాక ముందు సంచి విప్పి బాణం చూసుకుంది. తర్వాత అతని దట్టీ ముడిని తిప్పి తిప్పి చూసింది. దీన్నేమంటారని అడిగింది. తల్లిముడి అని, తమ ఊళ్ళో పిల్లలకు మొదట నేర్పేది అదేనని చెప్పాడు. ఆవిడ దాన్ని విప్పి మళ్ళీ తనే వేసి చూసుకుంది. సరిగ్గా వచ్చింది. గాలి సంగతి తెలియకపోయినా తాడు సంగతి తెలిసినవాడివేనని ఒప్పుకుని, అతని భుజం మీద ఒక్క చరుపు చరిచి ముందుకు నడిచింది.

పైకొండ వేరే లోకంలా ఉంది. చెట్లు అయిపోయాయి. రాగిరంగు గడ్డి, వెండిరంగు రాళ్ళు, వాటి మధ్య పాలు ఒలికినట్టు పారే సన్నటి సెలయేళ్ళు. మబ్బులు పాదాల కింద పశువుల్లా మేస్తున్నాయి. ఆ గడ్డిమైదానం చివర, ఆకాశానికి ఆనుకుని, ఒక్కటంటే ఒక్క దుప్పి నిలబడి ఉంది.

తరంగవర్మ చాలాసేపు ఊపిరి తీయడం మరచిపోయాడు. దాని కొమ్ములు ఆకులు రాలిన పగడపుచెట్టులా పైకి విచ్చుకున్నాయి. మెడ చుట్టూ ముదురు గోధుమరంగు జూలు. రొమ్ము ఓడ ముందుభాగంలా ముందుకు వచ్చి ఉంది. ఏ శిల్పీ దిద్దని గీత ఒకటి మెడనుంచి వీపు మీదుగా తోకదాకా పారుతోంది. అది నిలబడినచోట కొండకు అర్థం వచ్చినట్టుంది. నుదుటి మీద తెల్లటి మచ్చ, గవ్వ అంటించినట్టు.

కొమ్మసాని ఒక వేలు నాలుకతో తడిపి గాలిలో పెట్టింది. గాలి దుప్పి వైపునుంచి తమ వైపు వస్తోంది. సన్యాసిని బండల దగ్గరే ఉండమని చేత్తో సైగ చేసి, పొట్ట మీద పాకడం మొదలుపెట్టింది. తరంగవర్మ ఆవిడ మడమల వెనకే పాకాడు. ఆవిడ ఆగితే ఆగాడు, కదిలితే కదిలాడు. సెలయేటి మంచునీరు రొమ్ము కింద పారింది. ముళ్ళు గుచ్చుకున్నాయి. కాసేపటికి ఒంటికి ఆ సంగతులేవీ తెలియలేదు. ఎదురుగాలి ముఖానికి తగులుతూ ఒక్కొక్క వాసనా విడివిడిగా తెచ్చి ఇస్తోంది. ఇది తడి గడ్డి, ఇది కుళ్ళిన ఆకు, ఇది వెచ్చటి జంతువు. ఎదురుగాలి శత్రువని తాను ఇన్నాళ్ళూ ఎలా అనుకున్నాడో అతనికి అర్థం కాలేదు. ఎదురుగా వచ్చే గాలే కదా కబురు తెచ్చేది. ఏడాదిగా ఒక్క ఘడియ కూడా వదలని దిగులు ఆ గడ్డిలో ఎక్కడో జారిపోయింది. అన్నను తలుచుకోకుండా ఇంతసేపు ఉన్నానని తట్టినప్పుడు అతనికి తప్పు చేసినట్టు అనిపించింది. వెంటనే, ఇదంతా అన్న కోసమే కదా అని సర్దుకున్నాడు.

ఒక చిన్న మెరక వెనక కొమ్మసాని ఆగింది. దుప్పి బాణం అందే దూరంలో ఉంది. సంచి ముడి విప్పబోతుండగా సూర్యుడికి మబ్బు అడ్డం వచ్చింది. గడ్డి ఒక్కసారి పడుకుని లేచింది. తరంగవర్మ మెడ వెనక చల్లగా తగిలింది.

గాలి తిరిగింది.

కొమ్మసాని నుదురు నేలకు ఆనించింది. వేట అయిపోయిందని దాని అర్థం. తమ ఇద్దరి చెమటా, వింటి పట్టులోని పొన్ననూనె, అన్నీ మూట కట్టుకుని గాలి సూటిగా దుప్పి దగ్గరికి వెళ్తోంది. అది తల ఎత్తింది. ముక్కుపుటాలు విప్పింది. తరంగవర్మ కళ్ళు మూసుకుని గిట్టల చప్పుడు కోసం ఎదురుచూశాడు.

చప్పుడు లేదు. కళ్ళు తెరిచాడు. దుప్పి అక్కడే ఉంది. మెడ చాచి, ఆకలిగొన్నవాడు అన్నం వాసన పీల్చినట్టు, గాలిని మళ్ళీ మళ్ళీ పీలుస్తోంది. తర్వాత ఒక అడుగు ముందుకు వేసింది. మరో అడుగు. పారిపోవాల్సిన వైపు కాకుండా, వాసన వచ్చే వైపు.

కొమ్మసాని తల ఎత్తి చూసింది. ఆవిడ ముఖంలో భయం కనిపించడం అతనికి అదే మొదలు. లోయ మీద వేలాడుతున్నప్పుడు కూడా కనిపించలేదు. దుప్పి ఇప్పుడు పక్కకు తిరిగి, భుజం చూపిస్తూ నిలబడింది. కొట్టదగిన దుప్పి, కొట్టదగిన చోటు. ఆచారం ప్రకారం ఇక దాచడానికి వీల్లేదు. ఆవిడ బాణం తీసి అతని అరచేతిలో పెట్టింది, వేళ్ళు మాత్రం వెంటనే వదల్లేదు.

"ఇది నాకు అర్థం కావట్లేదు అల్లుడూ," అని గుసగుసగా అంది. "మనిషి వాసనకి బెదరని దుప్పిని నా పుట్టుకలో చూళ్ళేదు. అర్థం కానిదాన్ని నేనెప్పుడూ కొట్టించలేదు. కానీ ఇది నీ అన్న సంగతి. బాణం నీది." వేళ్ళు వదిలేసింది.

తరంగవర్మ బాణం నారికి తగిలించాడు. మోకాళ్ళ మీద లేచాడు. నారి సగం లాగాడు. పొద్దున ఇదే వాసనకు కొండంత మంద ఆకాశంలోకి దూకి పారిపోయింది. ఇది మాత్రం దగ్గరకు వస్తోంది. మనిషి వాసనకు బెదరనిది ఏది? పొన్ననూనె వాసనకు కాళ్ళు ముందుకు పడేది ఎవరికి? ప్రశ్న వేసుకున్నాడే గాని జవాబు వైపు చూడటానికి అతని మనసు ఒప్పుకోలేదు, వాకిట్లో నిలబడిన మనిషిని గుర్తుపట్టి కూడా తలుపు తీయనివాడిలా.

దుప్పి ఇటు ముఖం తిప్పింది. గాలి కళ్ళలో కొడుతుంటే దాని ఎడమ కన్ను సగం మూతపడింది. కుడి కన్ను మూతపడలేదు. చిన్నప్పుడు తెరచాప తాడు తెగి కొట్టినప్పటి నుంచి అన్నయ్య ఎడమ కన్ను గాలి తగిలితే అలాగే సగం వాలిపోతుంది. చుక్కాని పట్టుకుని నిలబడినప్పుడల్లా ఊరి ఆడవాళ్ళను చూసి కన్ను కొడుతున్నాడని తను ఏడిపించేవాడు.

సగం లాగిన నారిని అతను అక్కడే ఆపేశాడు.

"ఆలస్యం దేనికి కుమారా," అంది వెనకనుంచి ఒక గొంతు, చాలా దగ్గరగా, చాలా ప్రేమగా. "గుండె ఎడమ వైపు ఉంటుంది. వదులు. మీ నాన్న ఎదురుచూస్తున్నాడు."

బండల దగ్గర ఉండాల్సిన సన్యాసి ఎప్పుడు వచ్చాడో గడ్డికి కూడా తెలియలేదు. కొమ్మసాని తల తిప్పి చూసింది. తరంగవర్మ కదల్లేదు. గాలి ఇంకా వెనకనుంచే వస్తోంది, సన్యాసి నిలబడిన చోటు మీదుగానే వస్తోంది. అతను ఊపిరి నెమ్మదిగా లోపలికి తీశాడు, ఇందాక గడ్డిలో నేర్చుకున్నట్టు, ఒక్కొక్క వాసనా విడదీసుకుంటూ. మంచు వాసన. కొమ్మసాని జుట్టులో పొగ వాసన. చేతిలో పొన్ననూనె. ఇన్ని రోజులు ధుని ముందు కూర్చున్న మనిషి, బూడిద పూసుకున్న మనిషి, కొండలెక్కి చెమటోడ్చిన మనిషి. ఆ మనిషిది మాత్రం వాసనంటూ ఏదీ లేదు. పొద్దున మంద తనకు పారిపోయి ఈయనను ఎందుకు లెక్కచేయలేదో, వంతెన ఈయన కాళ్ళ కింద ఎందుకు ఊగలేదో, అత్త అడ్డు లేకుండా బాణం ఈయన చేతికి ఎందుకు కావలసి వచ్చిందో, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి పక్కపక్కనే కూర్చున్నాయి. తమ వంశం తమ చేతులతోనే, అన్నాడు ఊర్ణనాభుడు. సగం లాగిన నారిని చేతివేళ్ళు ఇంకా పట్టుకునే ఉన్నాయి.

ఎదురుగా దుప్పి నిలబడి ఉంది, ఒక కన్ను సగం మూసి, తమ్ముడి వైపే చూస్తూ. అందులో భయం లేదు, తొందర కూడా లేదు. చిన్నప్పుడు మొదటిసారి చుక్కాని తన చేతికిచ్చి పక్కన నిలబడినప్పుడు కూడా అన్నయ్య ఇలాగే చూశాడు.

"వదులు," అంది వెనక గొంతు. ఈసారి అందులో ప్రేమ లేదు.

తరంగవర్మ నారిని పూర్తిగా లాగాడు. మోకాళ్ళ మీదే నెమ్మదిగా తిరిగి, గాలికి ముఖం ఇచ్చాడు.